తొక్కుల నంబరు

వనజ మొగుడు శివశంకర్‌కు ఏ పనీ సగంలో ఆపడం రాదు. అతనితో వచ్చిన తంటా అదే. ఆమె పెట్టే పచ్చళ్ల ప్రకటన ఫేస్‌బుక్‌లో వేయమంటే, తానున్న ముప్పై గ్రూపుల్లోనూ వేశాడు.

మర్నాటి నుంచి ప్రకటనలో ఇచ్చిన వనజ ఫోను ఆగలేదు. "గంటకెంత మేడం?" అని ఒకడు. "ఇస్నాపూర్ వస్తరా?" అని ఇంకొకడు.

"సిమ్ము తీసి పారెయ్," అన్నాడు శివశంకర్, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ. "నువ్వు అందరితోని నవ్వుకుంట మాట్లాడుతవ్, గందుకే గిట్ల. ఇగ తొక్కులు బంద్."

"నాలుగేండ్ల గిరాకి ఈ నంబర్ మీదనే ఉన్నది."

"ఇజ్జత్ కన్న ఎక్కువనా?"

మళ్లీ మోగింది. ఈసారి వనజ తిట్టలేదు. "తమ్మీ, ఈ నంబర్ నీకు ఏడ దొరికింది? జెర ఫొటో తీసి పంపు," అంది.

వచ్చిన ఫొటోను మొగుడి ముందు పెట్టింది. ఒంటరి మగవాళ్లకు గంటల లెక్కన తోడు దొరికే గ్రూపు అది. పడుచుపిల్లల ఫొటోల నడుమ తన ఉసిరికాయ తొక్కు సీసా. దాని పైన శివశంకర్ పేరు.

"అన్ని గ్రూపులకు ఒక్కసారే కొట్టిన. సూస్కోలే."

"గది సరే. ఈ గ్రూపుల నువ్వెప్పటి సంది ఉన్నవ్?"

శివశంకర్ కట్టిన లేసు విప్పి, మళ్లీ కట్టాడు.

ఫోను మోగింది. వనజ స్పీకర్ పెట్టి అతని చేతికిచ్చింది.

"మేడం ఖాళీగ ఉన్నరా?"

శివశంకర్ గొంతు సవరించుకున్నాడు. "లేదన్నా. ఇది తొక్కుల నంబర్. ఆ గ్రూపుల ఉన్నది నేను, పెట్టింది నేను. మా ఆమెను ఉత్తగనే తిట్టిన. తప్పు నాదే."