తలుపుల టీవీ

“ముందు మీ టీవీ గోడెక్కాలండి. ఆ తర్వాతే మా టీవీ గుమ్మం దిగుతుంది” అంది సంపూర్ణమ్మ, చేతిలో లేసు అల్లిక ఆపకుండానే.

శశిభూషణ్ స్టూలు మీద నిలబడి, తన ఇంట్లోంచి విప్పి తెచ్చిన ఎల్‌ఈడీ టీవీని ఆవిడ గోడకి బిగిస్తున్నాడు. నరసాపురంలో ఆయన హైస్కూలు సైన్సు మాస్టారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ ఇన్‌స్పెక్షన్‌కీ ఇంత చెమట పట్టలేదు.

గది మూలన సంపూర్ణమ్మ పాత టీవీ లేసు గుడ్డ కప్పుకుని, చెక్క తలుపులు మూసుకుని ఉంది. అందులో బొమ్మ రావడం ఎప్పుడు మానేసిందో ఆవిడకే గుర్తు లేదు. మొన్నటిదాకా దాని మీద ఆవకాయ జాడీ ఉండేది.

“ఇంతకీ దీన్నేం చేసుకుంటారండి మాస్టారూ?”

“బళ్ళో పిల్లలకి చూపించాలండి. పాతకాలం వస్తువులు వాళ్ళకి తెలియాలి కదండీ.”

“దానికోసం ఇంట్లో టీవీ ఇచ్చేస్తున్నారా! ఎంత మంచివారండీ మీరు. అయితే ఆ రిమోట్‌లోకి కొత్త బ్యాటరీలు కూడా తెచ్చి వెయ్యండి.”

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు. మాస్టారు వీధి చివరి కొట్టుకి వెళ్ళి బ్యాటరీలు తెచ్చి వేశాడు.

దీనికంతటికీ మూలం ఒక వీడియో. పాత తలుపుల టీవీల్లో ఎర్ర పాదరసం ఉంటుందట. కోట్లు పలుకుతుందట. వెల్లుల్లి చూపిస్తే పారిపోతుందట. పాదరసం వెండిలా మెరుస్తుందని ఏళ్ళ తరబడి పిల్లల చేత వల్లె వేయించిన శశిభూషణ్ అది చూసి పగలబడి నవ్వాడు. నవ్వినవాడు ఊరుకోవచ్చుగా! నిజంగా ఎవరైనా కొంటున్నారేమో చూద్దామనుకున్నాడు. మాస్టారని తెలిస్తే పరువు పోతుందని ఫోనులోని రెండో సిమ్ము నుంచి, పేరు చెప్పకుండా, గొంతు లావు చేసి, నెట్‌లో దొరికిన నంబర్లకి ఫోన్ చేసి పాత సామాన్లవాళ్ళని ఒకరిద్దరిని ఆరా తీశాడు. అలాంటి టీవీలు తమ దగ్గర లేవన్నారు. వెర్రి వెయ్యి విధాలు అనుకుని ఆ సంగతి అక్కడితో వదిలేశాడు.

నెల తిరక్కుండా మంగలి షాపులో అదే మాట వినబడింది. ఎవరో పెద్ద పార్టీ తలుపుల టీవీ కోసం గాలిస్తున్నాడట, ఎంతడిగితే అంత పారేస్తాడట. టీ కొట్టు దగ్గరా అదే మాట. రేవులో గోదావరి దాటడానికి పంటు ఎక్కే జనం నోటా అదే మాట. వాళ్ళయితే ఆ పార్టీకి దుబాయ్‌లో మేడ కూడా కట్టేశారు.

అప్పుడు మాస్టారి బుర్ర పాదరసంలా కదిలింది. ఎర్ర పాదరసం అబద్ధమే, అందులో సందేహం లేదు. కొనే వెర్రివాడు మాత్రం నిజం కదా! వాడికి పాదరసం కావాలి, తనకి వాడు కావాలి. ఇందులో సైన్సుకి వచ్చిన లోటేమీ లేదని తనకి తనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాడు.

కలిసొచ్చినట్టు భార్య హైమ చెల్లెలి సీమంతానికి పాలకొల్లు వెళ్ళింది. సాయంత్రం బండికి తిరిగొస్తుంది. ఈలోగా ఈ పాత టీవీని అమ్మి, ఇచ్చేసినదానికన్నా పెద్ద టీవీ కొని ఇంట్లో గోడకి తగిలించెయ్యాలి. ప్రస్తుతం ఆ గోడకి మిగిలినవి నాలుగు చిల్లులు. హైమ కంట అవి పడకూడదు.

ఆటోలో టీవీని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పాత సామాన్ల బుల్లబ్బాయి కొట్టుకి చేరాడు. బుల్లబ్బాయి విరిగిన ఫ్యాన్లు, మిక్సీలు, కంప్యూటర్ల గుట్ట మధ్య కూర్చుని, సుత్తితో మోటారు పగలగొట్టి రాగి తీగ లాగుతున్నాడు. టీవీని చూడగానే సుత్తి వదిలేసి లేచాడు.

“వెనక మూత విప్పలేదు కదండి?”

“ముట్టుకోలేదయ్యా.”

“బతికించారండి. విప్పితే రాగి ధరే దీనికి.”

“అది సరే, ఆ పార్టీ మాట నిజమేనా? ఎవరో పుట్టించిందేమో?”

“నేనే మాట్లాడానండి! ఆ గొంతు వింటే మీరే లేచి నిలబడతారండి. కోటీశ్వరుడి గొంతండి అది. ఈ చుట్టుపక్కల మా వాళ్ళందరికీ చెప్పి వెతికించింది నేనేనండి.”

“ఎంతిస్తానన్నాడేంటి?”

“అంకె చెప్పలేదండి. అంకె చెప్పనోడే పెద్ద పార్టీ అండి.”

ఆ మాటతో శశిభూషణ్‌కి కొండంత ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు ఆ కోటీశ్వరుడి మీద జాలి కూడా కలిగింది. పాపం, ఎవరి కష్టార్జితమో, చదువు లేకపోతే ఇంతే అనుకున్నాడు.

ఇంతలో హైమ ఫోన్ చేసింది.

“బండి ఎక్కానండి. రిమోట్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు, కాస్త వెతికి ఉంచండి. ఇవాళ సీరియల్లో పెళ్ళి.”

“అలాగేలే” అని పెట్టేశాడు. ఫోన్ జేబులో పడేసుకుని, “తొందరగా మాట్లాడవయ్యా బుల్లబ్బాయ్, నా కొంప మునిగేలా ఉంది” అన్నాడు.

బుల్లబ్బాయి చేతుల గ్రీజు లుంగీకి తుడుచుకున్నాడు. ఫోను తీసి, నంబరు వెతికి నొక్కి, భక్తిగా చెవికి ఆనించుకున్నాడు.

“మీ అదృష్టం బాగుందండి మాస్టారూ, రింగవుతోంది!”

మోగుతున్నది శశిభూషణ్ జేబులో.