ఆగిన మరకు కూలి

ఉరవకొండ చుట్టూ గుట్టగుట్టకూ గాలిమరలు వెలిసిన ఆ కాలంలో, ఉప్పు కొన్నా సబ్బు కొన్నా బిల్లులో ఆ మరల ఖర్చు కింద గాలి పన్ను పడేది. కరెంటు బట్టీలో బొరుగులు వేయించే సుంకులమ్మ కూడా నోరెత్తకుండా కట్టేది. ఆషాఢం గాలి హోరుమంటున్న ఒక మధ్యాహ్నం మరలన్నీ కదలకుండా నిలబడి ఉండటం చూసి, ఆమె నేరుగా విద్యుత్ ఆఫీసుకు వెళ్లింది.

"కరెంటు ఎక్కువైందక్కా, అందుకే ఆపినాం. ఆపినందుకు మరల కంపెనీకి సర్కారు పరిహారం ఇస్తాది," అన్నాడు ఇంజనీరు.

"పని చేయనోనికి కూలా? అదీ మా పన్నులోంచా?" సుంకులమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ మిగులు కరెంటు మా బట్టీలకు సగం ధరకియ్యి సామీ. ఆ దుడ్లు కంపెనీకే పోతాయి. మీకు పరిహారం కట్టే పని తప్పుతాది."

ఇంజనీరు నవ్వబోయి ఆగాడు. నిబంధనలన్నీ తిరగేశాడు. అలా ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అంతే.

ఆ వారం నుంచే గాలి జోరైనప్పుడల్లా ఊళ్లోని బట్టీలన్నిటికీ సగం ధర కరెంటు ఉందని కబురు అందసాగింది. మరలు ఆగడం మానేశాయి. ఏడాది తిరిగేసరికి గాలి పన్ను సగమైంది.

ఆ సంగతి చెప్పడానికి ఇంజనీరే బట్టీ దగ్గరికి వచ్చాడు. "ఇంకేమన్నా అడిగేది ఉందా అక్కా?"

సుంకులమ్మ అతని చేతిలో వేడి బొరుగులు పోసింది.

"చానా ఉండాయి సామీ. రాసుకో."