ఇదేం రంగమ్మా?

పెద్దాయన చొక్కాని మంచం మీద పరిచి ఫొటో తీశాడు. గ్రూపులో పెట్టి, "ఇదేం రంగమ్మా?" అని అడిగాడు.

ఆ గ్రూపు చూపులేనివాళ్ళ కోసం. వాళ్ళు ఫొటో పెడితే, చూపున్నవాళ్ళెవరో అందులో ఏముందో రాస్తారు. ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది. అక్కడ అసలు పేర్లుండవు, అన్నీ మారుపేర్లే. ఆయన ఫొటోల మీద మాత్రం ఎప్పుడూ 'పావురం' అనే ఆవిడే ముందు వాలేది.

"బూడిదరంగు, సన్న గళ్ళు. రెండో గుండీ ఊడేలా ఉంది, కుట్టించుకోండి."

పావురం ఎవరో ఆయనకి మొదట్లోనే తెలిసిపోయింది. ఓ డబ్బా ఫొటో పెట్టి ఏముందని అడిగితే, 'చీమతలలు పదకొండు' అని రాసింది. గడియారంలో బిగించే బుల్లి మరలని చీమతలలు అనేది లోకం మొత్తంలో ఇద్దరే. ఆయనా, ఆయన దుకాణంలో పక్క స్టూలు మీద కూర్చుని పని నేర్చుకున్న కూతురూ.

ఆ కూతురే ఓ రోజు, నాన్నకి చూపు ఆనడం లేదు, ఇక గడియారాలు తేవద్దని వచ్చినవాళ్ళందరికీ చెప్పేసింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇంకెప్పుడూ నీ మొహం నాకు చూపించకు, అన్నాడు నలుగురి ముందూ. మొండితనంలో తండ్రికి తగ్గ కూతురు. చూపించలేదు. ఏడాది తిరక్కుండానే ఆయన చూపు పూర్తిగా పోయింది.

గుట్టు విప్పితే పావురం ఎగిరిపోతుందని ఆయన భయం. అందుకే మందుల అట్టలు, పాల ప్యాకెట్లు, ఉన్న ఆరు చొక్కాలే తిప్పి తిప్పి పెట్టేవాడు. అమ్మా అని పిలిచేవాడు. ఏ ఆడపిల్లనైనా అలా పిలవచ్చు కదా. ఆవిడ మాత్రం 'అండీ' దాటి రాలేదు.

మొన్నామధ్య, మీ ఫొటోలు ఇప్పుడు చక్కగా కుదురుతున్నాయండీ అని మెచ్చుకుంది. మర్నాటి నుంచి మళ్ళీ సగం చొక్కా, సగం గోడ.

ఇవాళ రంగు చెప్పాక ఇంకో మాట రాసింది. "కళ్ళకి ఆపరేషన్ చేయించుకోకూడదా అండీ? చూపొస్తే మీకు ఈ గ్రూపుతో పనే ఉండదు."

గ్రూపుతో పని లేకపోతే పావురమూ ఉండదు. ఆయన జవాబు పెట్టాడు.

"అడిగానమ్మా. లాభం లేదన్నారు."

"అయితే రేపూ పెట్టండి. నేనుంటాను."

ఏడు నెలల కిందట ఆపరేషనై తిరిగొచ్చిన చూపుతో, ఆ రెండు ముక్కలనీ పెద్దాయన తన కళ్ళతోనే పదిసార్లు చదువుకున్నాడు.