ఖాళీగా వదిలితే

"ఆర్గ్యుమెంట్లు అంటే మనిద్దరం రోజూ చేసుకునేవేగా?" అన్నాడు దర్జీ, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుంటూ.

"అవి కావు నాన్నా. బ్రాకెట్ల మధ్య పెట్టి పంపే విలువలు."

"పోట్లాటల్ని బ్రాకెట్లలో పెట్టి పంపించెయ్యొచ్చని తెలీక ఇన్నాళ్ళూ గొంతు చించుకున్నామన్నమాట."

కూతురు నవ్వు ఆపుకుంది. నవ్విందంటే ఆయన పాఠం వదిలేసి కబుర్లలోకి దిగుతాడు. సోమవారం ఆమె కొత్త ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోతోంది. ఈలోగా కొట్టుకి ఒక వెబ్ పేజీ తయారుచేసి, దాన్ని తనంతట తాను దిద్దుకునేపాటి పీహెచ్‌పీ కోడింగు తండ్రి బుర్రకెక్కించి మరీ వెళ్ళాలని ఆమె పంతం. కత్తిరింపు బల్ల మీద సుద్దముక్కల పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని నాలుగు రోజులుగా ఇదే కుస్తీ. నిన్నయితే సెమికోలన్ ఎక్కడుందో వెతకడానికే ఆయనకి అరగంట పట్టింది.

"చొక్కా అనేది క్లాస్, అంటే నమూనా. కత్తిరించు అనేది అందులో మెథడ్, అంటే అది చేసే పని. మనిషికో మెథడ్ రాస్తామా?"

"పిచ్చా? కత్తిరింపు ఒకటే. కొలతలే మారతాయి."

"ఆ కొలతలే ఆర్గ్యుమెంట్లు."

"ఈ ముక్క మొన్ననే చెప్పి ఏడవొచ్చుగా!" అని దర్జీ ఒంటివేలితో కొట్టాడు:

$చొక్కా->కత్తిరించు(40, 28, 23, 23);

తెర మీద నలభై అంగుళాల పొడవున, కర్రలా సన్నటి చొక్కా ఒకటి ప్రత్యక్షమైంది.

"దీన్ని గొడుక్కి తొడగాలి," అంది కూతురు. "వరస తప్పకూడదు నాన్నా. ముందు పొడవు, తర్వాత ఛాతీ, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. చేతులకి ఒక్క కొలత చాలంటే నువ్వేగా రెండు కావాలని పట్టుబట్టావు?"

"అందరికీ రెండూ సమానంగా ఉండవే అమ్మడూ."

వరస సరిచేశాక చొక్కా మనుషుల చొక్కాలా కనబడింది. దర్జీ మురిసిపోయాడు. కొలతలన్నీ తనలో దాచుకునే యంత్రం దొరకడం ఆయనకి పెద్ద ఊరట. ఎవరి కొలతా గుర్తుండని మనిషి. ఎదురింటి డాక్టరుకి ఇరవై ఏళ్ళుగా కుడుతున్నా, ప్రతిసారీ నోటుపుస్తకం తిరగెయ్యాల్సిందే.

"ఎవరైనా పేజీలో కొలతల గడులు ఖాళీగా వదిలేస్తే?" అని అడిగాడు.

"మంచి ప్రశ్న. అందుకే ముందే ఒక డిఫాల్ట్ విలువ రాసిపెడతాం. ఏమీ పంపకపోతే అదే తీసుకుంటుంది. ఎక్కువమందికి సరిపోయే కొలత పెట్టు."

"ఏమీ చెప్పకపోతే చెయ్యి దానంతటది కత్తిరించే కొలతన్నమాట," అని దర్జీ పుస్తకం వైపు చూడకుండానే కొట్టాడు. ఇరవై అయిదున్నర, ముప్పైమూడు, ఇరవై రెండు, ఇరవై ఒకటిన్నర.

"ఇది ఎవరికి సరిపోతుంది? చివరిది తప్పు కొట్టావు చూడు."

"తప్పు కాదు. ఉండనీ."

ఆయన బొత్తాలు కొనడానికి వెళ్ళగానే కూతురు చివరి అంకె తుడిచేసి ఇరవై రెండు చేసింది. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ ఇరవై ఒకటిన్నరే ఉంది. సెమికోలన్ కూడా చెక్కుచెదరలేదు. ఆమె సాయం లేకుండా ఆయన చేసిన మొదటి పని అదే. గర్వపడాలో తిట్టాలో ఆమెకి తెలియలేదు.

"మొండితనానికైతే చదువు భలే వంటబట్టింది," అని ఊరుకుంది. తర్వాత బట్టలు సర్దుకుంటూ, ఎన్నాళ్ళుగానో నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అడిగేసింది. "నాన్నా, అమ్మది ఏదైనా ఒక్కటివ్వవా? తీసుకెళ్తాను. దువ్వెనైనా సరే."

తల్లి పోయేనాటికి ఆమెకి రెండేళ్ళు. ఇంట్లో ఫొటో కూడా లేదు. ఆయన నోట ఆ ఊసే రాదు.

"ఏమీ లేవు. అప్పుడే అన్నీ ఇచ్చేశాను."

"అసలు అమ్మ నీకు గుర్తుందా?"

దర్జీ సూదిలోకి దారం ఎక్కించడంలో పడ్డాడు. అది ఎంతకీ ఎక్కలేదు. "రోజూ కనబడేవాళ్ళ కొలతలే గుర్తుండవు నాకు," అన్నాడు చివరికి.

కూతురు మడుస్తున్న బట్టని పెట్టెలో పడేసింది. ఇరవై ఏళ్ళు తనని కంటికి రెప్పలా చూసుకున్న మనిషే. అయినా ఆ క్షణం ఆయన మీద అసహ్యం లాంటిదేదో కలిగింది. పెట్టె మూత గట్టిగా వేసింది.

మధ్యాహ్నం పిన్ని వచ్చింది, వెళ్ళేముందు ఒకసారి చూసిపోదామని. చేతిలో చిన్న పొట్లం.

"మీ అమ్మ చొక్కా ఇది, చీర మీద వేసుకునేది. తను పోయాక మీ నాన్న నాకిచ్చేశాడు. వేసుకోవడానికి మనసొప్పక అలాగే దాచాను. నీ దగ్గరుంటే బావుంటుందని తెచ్చాను."

"ఎవరు కుట్టారు?"

"ఇంకెవరు? మీ నాన్నే."

నీలం చొక్కా. కాలరు దగ్గర కొంచెం వెలిసింది. కూతురు దాన్ని ముఖానికి ఆనించుకుంది. పాత బట్ట వాసన తప్ప ఇంకేమీ లేదు. అయినా కళ్ళు తడిశాయి. అవతలి గదిలో కుట్టుమిషను ఆగకుండా తిరుగుతోంది.

దర్జీ కూతురు కదా, ఏ చొక్కానీ ఊరికే మడవదు. బల్ల మీద పరిచి, ముడతలు తీసి, నిలువునా సగానికి మడిచి, ఒక చేతి మీద రెండో చెయ్యి సరిగ్గా పడేలా వేసింది.

కుడి చెయ్యి అరంగుళం పొట్టి.