మొదటి పీసు

"మళ్ళీ దొరసానికే!"

ఓవర్‌లాక్ కుట్టు మిషన్ ఆపి మరీ అంది ఆమె.

సూపర్‌వైజర్ నారింజ రంగు జెర్సీని రెండు చేతుల మీద పెట్టుకుని, నలభై మిషన్ల మధ్య నుంచి నడిచి, చివరి గదిలోకి వెళ్ళాడు.

కొత్త లాటు బట్ట మొదలైనప్పుడల్లా ఇదే తంతు. కుట్టేది వీళ్ళు. మొదటి పీసు ఆవిడకి.

"ఎవరి చుట్టమో!" అంది పక్క మిషన్ వదిన, దారం కొరుకుతూ.

"చుట్టమైతే ఏడాదికి ఒకటి పెట్టి పంపిస్తారు వదినా. నెలకి పది పెడతారా?"

దొరసాని అన్నది వీళ్ళు పెట్టిన పేరే. వచ్చి ఏడాదైంది. ఎవరితోనూ కలవదు. ఎండాకాలంలో కూడా మెడ చుట్టూ శాలువా.

చేసే పని చూస్తేనే కడుపు మండేది.

కొత్త జెర్సీ తొడుక్కుంటుంది. తలుపు ఓరగా వేసుకుని, చెమట కారేదాకా తాడుతో గెంతుతుంది. తర్వాత కుర్చీలో కూర్చుంటుంది. అంతే ఉద్యోగం.

"మనకి కుట్టినందుకు జీతం. ఆవిడకి గెంతినందుకు జీతం," అంది వదిన.

ఇన్ని కొత్తవి తొడుక్కునే మనిషి, సాయంత్రం ఇంటికి మాత్రం వెలిసిపోయిన నీలం జెర్సీలోనే వెళ్ళేది. రోజూ అదే. పిసినారి!

ఆమె మంటకి ఇంకో కారణం ఉంది. కూతురు.

శనివారం పరుగు పందెం. గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు.

పిల్లకున్నది అన్న వదిలేసిన కాటన్ చొక్కా. రెండో రౌండుకే తడిసి బరువెక్కుతుంది.

"రోజుకి రెండొందలు కుడతావు. నాకొక్కటి తేలేవా అమ్మా?"

ఆ మాట రెండు రోజులుగా గుచ్చుకుంటూనే ఉంది. సూపర్‌వైజర్‌ని అడిగింది.

"పీసు బయటికెళ్తే, దాని వెనకాలే నేనూ బయటికెళ్ళాలి," అన్నాడు.

గురువారం అందరూ భోజనాలకి లేచాక, ఆమె చివరి గదిలో దూరింది. హ్యాంగర్ మీద నారింజ జెర్సీ. చెయ్యి వేసింది.

"అది తియ్యకమ్మా."

గుమ్మంలో దొరసాని.

"తీస్తే ఏమైంది? నీకు లెక్కలేనన్ని ఉన్నాయిగా! ఎల్లుండి నా కూతురికి పందెం. ఒక్కటిస్తే అరిగిపోతావా?"

దొరసాని ముఖం మెత్తబడింది. "ఎన్నేళ్ళు పిల్లకి?"

"పద్నాలుగు."

"రేపు సాయంత్రం దాకా ఆగు. నేను తొడుక్కున్నాక ఇస్తాను."

"నువ్వు విడిచింది నా కూతురికా?"

"నేను విడిచిందైతేనే మంచిదమ్మా."

ఎంత పొగరు!

ఆ సాయంత్రమే ప్యాకింగ్ బల్ల మీద నుంచి ఒక నారింజ జెర్సీ ఆమె టిఫిన్ సంచిలోకి జారింది. పిల్ల ఎగిరి గంతేసింది. రాత్రి దాన్ని విప్పకుండానే పడుకుంది.

శుక్రవారం మిషన్లు ఆగే వేళకి దొరసాని నేరుగా ఆమె దగ్గరికి వచ్చింది. శాలువా మెడ దాకా బిగించుకుంది. చేతిలో కవరు.

"ఇది వేయించు. నారింజది మాత్రం వద్దు."

కవర్లో ఆ వెలిసిపోయిన నీలం జెర్సీ.

"మెరిసేవి నీకూ, వెలిసినవి మాకూనా?"

వదిన కిసుక్కున నవ్వింది.

ఆమెకి ఇంకా ఊపొచ్చింది. అందరూ చూస్తుండగా, ఆ జెర్సీతోనే మిషన్ మీది నూనె తుడిచింది.

దొరసాని ఒక్క క్షణం దానివైపు చూసింది. శాలువా ఇంకొంచెం పైకి లాక్కుని వెళ్ళిపోయింది.

శనివారం.

మొదటి రెండు రౌండ్లూ పిల్లే ముందు. మూడో రౌండులో మెడ గోక్కుంది. తర్వాత చంకలు. మలుపు దగ్గర రెండు చేతులతో జెర్సీని ఒంటి మీంచి లాక్కుంటూ కూలబడిపోయింది.

నడుము చుట్టూ, భుజాల మీద ఎర్రటి దద్దుర్లు.

"కొత్త బట్టా? ఉతక్కుండా తొడిగారా?" అన్నాడు డాక్టరు. "రంగు మందు అందులోనే మిగిలిపోయింది. చెమట పట్టేసరికి చర్మానికి అంటుకుంది."

పిల్లకి వారంలో తగ్గిపోతుందన్నాడు. సీటు మాత్రం వేరే పిల్లకి వెళ్ళిపోయింది.

సోమవారం ఆమె పోట్లాటకే వచ్చింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

గోడ వారగా నారింజ జెర్సీల కట్టలు. అన్నిటికీ సీలు.

"ఏమిటివి?"

"రంగు బాగాలేదు, శుక్రవారం మధ్యాహ్నమే లారీ ఎక్కించకుండా ఆపేశాం. ఒక్క పీసూ బయటికి పోలేదు, అదృష్టం," అన్నాడు సూపర్‌వైజర్.

ఆమె ఒక కట్ట దగ్గరికి వెళ్ళింది. "బాగాలేదని ఎలా తెలిసింది?"

"మీ దొరసాని ఒళ్ళు చెప్పింది."

"ఒళ్ళు చెప్పడమేమిటి?"

"ఇరవై ఏళ్ళు రంగు తొట్లలో చేతులు పెట్టిన మనిషి. రవ్వంత మందు మిగిలినా ఆవిడ చర్మం గంటల్లో పొంగుతుంది. ల్యాబుకి పంపితే వారం పడుతుంది. అందుకని ముందు ఆవిడకి తొడుగుతాం. బయట చెప్పకూడదని యజమాని షరతు."

ఆమె వంగి, మిషన్ కింద పడి ఉన్న నీలం నూనెగుడ్డ తీసింది.

"ఇప్పుడెక్కడుంది?"

"ఆసుపత్రిలో. ఈసారి ఒళ్ళంతా బొబ్బలు. ఇక రాదు."

సూపర్‌వైజర్ గొంతు తగ్గింది.

"ఒంటిమీద ఏ బట్టా నిలవడం లేదు. ఆవిడకి పడేది ఒకే ఒక్క పాత నీలం జెర్సీ. అదెక్కడుందమ్మా, తెచ్చిస్తానంటే, పరుగెత్తే పిల్లకి ఇచ్చేశానంటోంది."