నూకుడు బండి

పాత డైనమో ఊడి గోనెసంచి మీద పడగానే, గోడ ఇవతల నిలబడి చూస్తున్న దుర్గయ్య గోడ పట్టుకుని ఇంకాస్త ముందుకు వంగాడు.

గోడ అవతల అతని అన్న గండయ్య పికప్ బండికి బానెట్ తెరిచి ఉంది. నల్గొండ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ డానియల్ అందులో తలదూర్చి పని చేస్తున్నాడు. గండయ్య కోడలు హారిక ఆ బండి మీదే పట్నంలో బత్తాయి జ్యూస్ అమ్ముతుంది. మైకు, లైట్లు, జ్యూస్ మిషను అన్నీ బండి బ్యాటరీ మీదే. ఆ లోడుకు బ్యాటరీ తెల్లారేసరికి చేతులెత్తేస్తోంది. బ్యాటరీని ఛార్జి చేసే పెద్ద డైనమో, లావు వైర్లు వేయించమని హారిక ఆరు నెలలుగా మామ చెవిలో పోరుతోంది. ఇప్పుడేం మునిగిపోయిందని గండయ్య దాటేస్తూ వచ్చాడు. పిసినారితనం, ఇంకేముంది అనుకునేవాడు దుర్గయ్య.

అన్నదమ్ములకు మాటల్లేక మూడేళ్లు. గండయ్య తన కొడుకు పెళ్లికి తమ్ముడింటికి వచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. ఎవరి చేతనో పత్రిక పంపించాడు. సొంత తమ్ముడిని పత్రికతో పిలుస్తాడా అని దుర్గయ్య పెళ్లికి పోలేదు. పెళ్లికి రానివాడితో మాటేమిటని గండయ్య మాట మానేశాడు. ఇద్దరూ ఇద్దరే.

అయినా ఒక్కటి మాత్రం తెగలేదు. రోజూ పొద్దున సెల్ఫ్ అందుకోక బండి మొరాయించేది. గండయ్య నోరు తెరిచి పిలిచేవాడు కాదు, డోరు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాడు. దుర్గయ్య కండువా నడుముకు చుట్టుకుని వచ్చి వెనక నుంచి నూకేవాడు. దారి కాస్త పల్లమే కాబట్టి ఇరవై గజాల్లో ఇంజన్ అందుకునేది. అందుకోగానే వెనక్కి చూడకుండా ఇంటికి పోయేవాడు. మాటల్లేకపోయినా ఆ ఇరవై గజాలూ ఇద్దరూ కలిసే ఉండేవాళ్లు. దాని కోసమే దుర్గయ్య చీకటితో లేచి కూర్చునేవాడు. ఆ సంగతి భార్య నర్సింగమ్మకు కూడా చెప్పలేదు. ఇప్పుడు అదీ పోతోంది.

డానియల్ కొత్త ఫ్యూజు డబ్బా బిగించి, అందులో ఏ ఫ్యూజు దేనిదో గండయ్యకు వివరించాడు.

"ఎర్రది దేనిదన్నవ్?" అని గండయ్య మళ్లీ అడిగాడు.

"సెల్ఫ్‌ది పెద్దాయనా. గదొక్కటి లేకుంటే మళ్ల నూకుడే."

గోడ ఇవతల దుర్గయ్య ఆ మాట జాగ్రత్తగా చెవిలో వేసుకున్నాడు.

మర్నాడు సెల్ఫ్ కొట్టగానే బండి ఠక్కున అందుకుంది. కండువా చుట్టుకుని సిద్ధంగా ఉన్న దుర్గయ్య తలుపు దగ్గరే ఆగిపోయాడు. బండి అతని వాకిలి ముందు నిమిషంపాటు ఊరికే ఆగి, తర్వాత కదిలింది. కొత్త డైనమో నాకు చూపించి నీలుగుతున్నాడు అని ఉడుక్కున్నాడు. ఆ రోజు అన్నం సయించలేదు. జ్వరమేమోనని నర్సింగమ్మ నుదురు తాకి చూసింది.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఐదో రోజు సాయంత్రం పొద్దుగూకే వేళ దుర్గయ్య బండి దగ్గరికి వెళ్లాడు. లాకు ఎప్పుడో పాడై, బానెట్‌ను తాడుతో కట్టి ఉంచారు. ఆ తాడు మీద చెయ్యి వేశాడు. అంతలో హారిక బత్తాయి తొక్కల బకెట్ పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏం జూస్తున్నవ్ చిన్నమామా?"

"ఏం లేదు బిడ్డా" అంటూ చేతులు వెనక్కి పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

తెల్లారి డోరు మీద రెండు దెబ్బలు వినిపించాయి. దుర్గయ్య కండువా కూడా మరిచి పరుగెత్తాడు. నూకుతున్నంతసేపూ నవ్వు ఆగలేదు. బండి వెనక ఉన్నాడు కాబట్టి ఎవరి కంటా పడలేదు.

కానీ హారిక ఊరుకునే మనిషి కాదు. కొత్త సామాను వేయించి వారం కాలేదు, ఇదేం పని అని అప్పటికప్పుడు డానియల్‌కు ఫోన్ కొట్టింది. అతను గంటలో వచ్చి ఫ్యూజు డబ్బా మూత తీశాడు.

"ఎర్ర ఫ్యూజు లేదు. ఊడిపడేది కాదిది, ఎవరో తీసిండ్రు."

హారిక గోడ ఇవతల నిలబడ్డ చిన్నమామ వైపు చూసింది. నిన్న పొద్దుగూకే వేళ ఆయన బండి దగ్గర నిలబడటం తాను చూశానని, ఉన్న మాటే చెబుతున్నానని మెల్లగా అంది. దుర్గయ్యకు తల ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. చేతులు మళ్లీ వెనక్కి పెట్టుకున్నాడు. మిగిలిన ఆ కాస్త సంబంధమూ ఇవాళ్టితో సరి అనుకున్నాడు.

గండయ్య గొంతు సవరించుకున్నాడు.

"నా తమ్ముడు తియ్యలే. నాకు ఎర్కే."

మూడేళ్ల తర్వాత ఆ నోట తమ్ముడన్న మాట. దుర్గయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తాడు మీద తాను చెయ్యి వేసింది నిజం. అయినా అన్న తనను ఇంతగా నమ్ముతున్నాడు. సిగ్గూ సంతోషమూ కలిసి ఉక్కిరిబిక్కిరి చేశాయి.

డానియల్ వేరే ఫ్యూజు వేశాడు. బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. హారిక ఎక్కి కూర్చున్నాక గండయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"రేపు పొద్దుగాల గూడ జర రా తమ్మీ."

"ఇగ సెల్ఫ్ అందుకుంటది గదా అన్నా, నేనెందుకు?"

"అందుకున్నా రా, చాయ్ తాగి పోదువు. నోటితోని పిలుస్తున్న, పత్రిక పంపుతలేను."

దుర్గయ్య తలూపాడు. బండి పల్లం దిగి రోడ్డెక్కింది. స్టీరింగ్ ఒక చేత్తో పట్టుకుని, గండయ్య రెండో చేత్తో చొక్కా జేబు తడుముకున్నాడు.

ఎర్ర ఫ్యూజు అందులోనే ఉంది.