పడమటి వరండా బ్లైండ్స్

"ఎదురు తోటలో మనిషి మళ్ళీ మన వరండాలోకే చూస్తున్నాడు," అంది సుప్రజ.

"చూస్తే చూడనీ. మనమేమన్నా బంగారం ఆరబోసుకున్నామా?" అంది అత్తగారు బసవమ్మ, పడక్కుర్చీలోంచి కదలకుండా.

నూజివీడు దాటాక తోటల మధ్య కట్టుకున్న ఇల్లు అది. వరండా పడమటి వైపు. మధ్యాహ్నమైతే ఎండ నేరుగా వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది.

దారికి అవతల మామిడితోట. పూత మీదే దాని కాపు కొన్న షావుకారు వెంకటరమణ, చింతలపూడి వైపు నుంచి రాయప్ప అనే మనిషిని తెచ్చి కాపలా పెట్టాడు.

కోతుల్ని తోలడానికి రాయప్ప గంటకోసారి "హో...య్" అని కేక పెడతాడు. తోట కాపలా అన్నాక అరవక తప్పదు. కానీ కోతులు చెట్ల మీదుంటే ఇతను ఇంటివైపు తిరిగి అరవడమేంటని సుప్రజకి ఒళ్ళు మండేది.

సుప్రజకి ఈమధ్యే హనుమాన్ జంక్షన్ బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి దొరికిన ఉద్యోగం. భర్త ఉదయ్ కిరణ్ మామిడి సీజన్లో మార్కెట్‌కి వెళ్తే చీకటి పడ్డాకే వస్తాడు. అత్తగారిని పగలంతా ఒంటరిగా వదిలి వెళ్ళడానికి ఆమెకి మనసొప్పలేదు.

"నాకేమన్నా అయితే అప్పుడు మానేద్దువుగానిలే. ముందు వెళ్ళు," అని తోసి పంపింది బసవమ్మే.

అందుకే మొదటి జీతం అందగానే సుప్రజ చేసిన పని, అత్తగారి కోసం వరండాకి బ్లైండ్స్ పురమాయించడం.

ఆదివారం షాపు నుంచి కృష్ణకాంత్ శాంపిల్స్ తెచ్చి పరిచాడు.

"ఇది వెదురు మేడమ్. అందంగా ఉంటది గానీ వానకి నల్లబడుద్ది. ఇది నెట్టు. ఎండ ఆపుద్ది, బయటంతా కనపడుద్ది. ఇది దళసరిది. ఎండా, వానా, దుమ్మూ ఏదీ రాదు. అటునుంచి చూసినా ఏం కనపడదు."

"దళసరిదే," అంది సుప్రజ.

"నెట్టు," అంది బసవమ్మ.

సుప్రజ ఆశ్చర్యపోయింది. చీర దగ్గర్నుంచి కూర దాకా 'నీ ఇష్టమే అమ్మా' అనే మనిషి!

"నెట్టయితే అతనికి మీరు కనపడతారు అత్తయ్యా."

"కనపడనీ. రోజంతా గుడ్డ వంక చూస్తూ కూర్చోమంటావా?"

"మీ మంచికే చెప్తున్నా. హాయిగా నడుం వాల్చొచ్చు. కాస్త కొంగు జారినా భయపడక్కర్లేదు."

కృష్ణకాంత్ టేపు పట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. అత్తాకోడళ్ళ పంచాయితీలో నోరు మూసుకున్నవాడికే ఆర్డరు దక్కుతుందని అతనికి తెలుసు.

చివరికి కోడలి ప్రేమే నెగ్గింది. లేతాకుపచ్చ బ్లైండ్స్ కిందిదాకా దిగాయి. వరండా చల్లబడింది. చుట్టే హ్యాండిల్ బసవమ్మ చేతికి కాస్త బిగువే గానీ, ఆవిడ పేచీ పెట్టలేదు.

"బావుందమ్మా, పెళ్ళిపందిట్లో కూర్చున్నట్టుంది," అంది గుడ్డ నిమురుతూ. సుప్రజ సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ఆ సంతోషం శుక్రవారం దాకా నిలిచింది.

"మీరు లేనప్పుడు ఆ రాయప్ప గేటు దాకా వచ్చి తొంగి చూస్తన్నాడండీ," అని చెప్పింది పాలు పోసే లక్ష్మి.

మర్నాడు రెండో శనివారం. సుప్రజ ఇంట్లోనే ఉంది. రాయప్ప నిజంగానే గేటు దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఆ పరదా కాస్త పైకి చుట్టించండి."

"ఎందుకు?"

రాయప్ప ఆమె వెనక నిలబడ్డ బసవమ్మ వైపు చూశాడు. చెప్పొద్దన్నట్టు బసవమ్మ తల అడ్డంగా ఊపింది.

"గాలాడుద్దని..." అన్నాడు తలొంచుకుని.

సుప్రజ వెంటనే వెంకటరమణకి ఫోన్ చేసింది.

"పెద్దావిడ ఒక్కతే ఉండే ఇల్లండీ. ఆ మనిషిని ఇంకో తోటకి మార్చండి."

"అట్టాగేనమ్మా. చాట్రాయి దగ్గర ఇంకో తోటుంది, అక్కడికి పంపిస్తా."

"పాపం, అతన్నెందుకు కదిలించావే?" అంది బసవమ్మ.

"మీ కోసమే అత్తయ్యా."

బసవమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం తోటలోకి కొత్త మనిషి వచ్చాడు. ఇటు కన్నెత్తి చూడలేదు. పీడ వదిలిందనుకుని సుప్రజ బస్సెక్కింది.

సాయంత్రం వచ్చేసరికి బసవమ్మ కుర్చీలో లేదు. కుర్చీకి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. పక్కన మజ్జిగ గ్లాసు దొర్లి, మజ్జిగంతా ఎండి చారికలు కట్టింది.

"అత్తయ్యా!"

"కంగారుపడకు. దెబ్బేం తగల్లా. కళ్ళు తిరిగి జారాను. మళ్ళీ లేద్దామంటే మోకాళ్ళు సహకరించలేదు."

"ఎప్పుడు?"

"భోంచేశాక."

సుప్రజ ఆవిడ్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, కావలించుకుని ఏడ్చేసింది.

"రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేను ఉద్యోగం మానేస్తా."

"ఇదిగో, ఈ మాట అంటావనే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"ఇంతకుముందు కూడా పడ్డానని."

సుప్రజ కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయింది.

"మరి అప్పుడు ఎవరు లేపారు?"

బసవమ్మ కోడలి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"నేనే బతిమాలి ఒప్పించుకున్నానమ్మా... రాయప్ప కేకేస్తే నేను చెయ్యి ఊపేదాన్ని, ఊపనినాడు పరుగెత్తుకొచ్చి లేపి కూర్చోబెట్టి, 'కోడలుగారికి చెప్పన్లెండి' అని వెళ్ళిపోయేవాడు."